కిస్తీ తప్పిన నీడ

పొద్దున చాయ్ తాగి సాబిర్ దుకాణానికి వెళ్ళిపోతాడు. ఆ తరువాత బాను బీ గ్లాసులు కడుగుతుంది, కోళ్ళకు నూకలు చల్లుతుంది, గోడకున్న క్యాలెండరు ముందు నిలబడి ఇవాళ ఏ వారమో పైకే చదువుకుంటుంది. అంతలో గంట గడిచిపోతుంది. అప్పుడు సాబిర్ నీడ లేస్తుంది. గంట కింద సాబిర్ ఎట్లా వంగాడో అట్లాగే వంగి చెప్పులు తొడుక్కుంటుంది. బాను బీ తలుపు తెరిచి పట్టుకుంటుంది. నీడకు తలుపు అడ్డం కాదని ఆమెకు తెలుసు. అయినా ఇంట్లోంచి పోయేవాళ్ళకు తలుపు తీయకుండా ఎట్లా?

“పైలం బేటా,” అంటుంది. నీడ గడప దాటి గల్లీ వెంట పోతుంది.

నారాయణఖేడ్‌లో ఇది వింతేమీ కాదు. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకున్నవాడు కిస్తీ తప్పితే వాడి నీడ వెనకబడుతుంది. కొందరిది నాలుగడుగులు, కొందరిది ఒక పూట. జుర్మానాతో సహా బాకీ కట్టేసినా నీడ పరుగెత్తుకొచ్చి కాళ్ళను కలవదు. నెల నెలా వేళకు కడుతూ పోతే మెల్లమెల్లగా దగ్గరికొస్తుంది. బ్యాంకు కంప్యూటరులో కూడా ఇదే కనబడుతుందట, దాన్ని సిబిల్ అంటారట. అయితే కంప్యూటరు తెరవకముందే బ్యాంకువాళ్ళు వచ్చినవాడి కాళ్ళ కింద నేలను ఒకసారి చూస్తారు.

సాబిర్ నీడ వెనకబడడానికి కారణం బాను బీ కొంగు.

మరిచిపోకూడని పని ఏదైనా ఉంటే ఆమె చీర కొంగుకు ముడి వేసుకుంటుంది. పెళ్ళయిన నాటి నుంచీ అదే అలవాటు. కొన్నాళ్ళుగా ముడి కనిపిస్తుంది గానీ అది దేనికి వేసిందో గుర్తుకు రాదు. పోయిన వానాకాలం, కోడలు యాస్మీన్ కాన్పుకు పుట్టింట్లో ఉన్నప్పుడు, సాబిర్ మోటర్ల పని మీద బీదర్ పోతూ కిస్తీ డబ్బు తల్లి చేతికిచ్చి బ్యాంకులో వేయమన్నాడు. ఆమె ఆ డబ్బును జొన్నల డబ్బాలో భద్రంగా పెట్టి, కొంగుకు ముడి వేసింది. మర్నాడు వానకు చీర తడిసింది. పిండి ఆరేస్తుంటే ముడి చేతికి అడ్డం వచ్చింది. విప్పేసింది. బ్యాంకు పంపిన ఇంగ్లీషు మెసేజులను సాబిర్ ఏదో ప్రచారం అనుకున్నాడు. జొన్నలు గిర్నీకి పంపుదామని డబ్బాలో చేయి పెడితే నోట్లు తగిలాయి. అప్పటికి రెండో కిస్తీ కూడా వచ్చి నెత్తిన కూర్చుంది.

సాబిర్ ఒక్క మాట అనలేదు. ఆమెకు అదే కష్టమైంది. తిడితే తనూ నాలుగు తిట్టి తేలికపడేది.

ఇప్పుడు ఎండలు ముదిరాయి. నిన్న సాయంత్రం సాబిర్ బ్యాంకు నుంచి వచ్చి కూర్చోగానే యాస్మీన్ పెనం మీద రొట్టె తిప్పుతూ అడిగింది.

“ఏమన్నరు?”

“ఏమంటరు? మేడం నా మొఖం చూడకముందే కాళ్ళు చూసింది. ఇప్పుడైతే బండికి లోను రాదన్నది.”

“జుర్మానాతోని కట్టినం గద!”

“కడితే బాకీ పోయింది గని, లేటైన ముచ్చట పోలేదట. కొన్నేండ్ల దాక రికార్డుల ఉంటదట.”

“మరి జగదీశ్వర్‌కు ఇచ్చిన బయానా?”

సాబిర్‌ది మోటరు వైండింగు దుకాణం. కాలిన బోరు మోటర్లకు తీగ చుట్టి బాగు చేస్తాడు. కానీ ఈ మధ్య నాగల్‌గిద్ద, మనూర్ రైతులు బోరులోంచి మోటరు పైకి లాగే బండి ఎవరికుంటే వాళ్ళ దగ్గరే వైండింగు కూడా చేయించుకుంటున్నారు. అందుకే వెల్డింగు జగదీశ్వర్‌కు ముందుగా కొంత డబ్బిచ్చి ఒక బండి చెప్పి పెట్టాడు. అది లేకపోతే దుకాణం ఎన్నాళ్ళు నడుస్తుందో తెలియదు.

“పోనీతియ్యి,” అని నవ్వాడు సాబిర్. “నీడ లేకుంటే ఒక బరువు తక్కువ. నడవనీకి సులువుంటది.”

యాస్మీన్ నవ్వింది. బాను బీ రొట్టె ముక్క చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

ఈ పొద్దున యాస్మీన్ పాపకు నీళ్ళు పోస్తున్న వేళ బాను బీ కొంగుకు ముడి వేసుకుని బ్యాంకుకు బయలుదేరింది.

అప్పులు చూసే ఆఫీసరు స్వరూపరాణి. బాను బీ వంతు వచ్చేసరికి చాలాసేపయింది. ఆమె కుర్చీలో కూర్చోకుండా కిటికీ ఎండలోకి పోయి నిలబడింది.

“మేడం, నేను సాబిర్ అమ్మను. వాడు పైసలిచ్చే పోయిండు. జొన్నల డబ్బాల పెట్టి మర్చిపోయింది నేను. ఇగో, చూడు నా నీడ. నా కాళ్ళ కాడనే ఉన్నది. ఒక్కనాడు లేటు కాలే. వాని లేటు నాకు ఎక్కియ్యి. ఈ ఈడుల నాకేం లోను గావాలె?”

స్వరూపరాణి నవ్వలేదు. లేచి వచ్చి ఆ చిన్న నీడను చూసింది.

“అమ్మా, అప్పు ఎవరి పేరు మీదుంటే లేటు గూడ వాళ్ళ పేరు మీదనే పడ్తది. కట్టినా కట్టలేదని పడితే మేం సరిచేయిస్తం. ఇది నిజంగనే లేటాయె. నిజాన్ని ఎట్ల తీసేస్తం?”

“అయితే వాని గతి?”

“కింద పడనీకి ఒక్క నెల చాలు, లేవనీకి ఏడాది వడ్తది. ఇగ ఒక్కటి గూడ తప్పొద్దు. ఖాతాలకెల్లి కిస్తీ దానంతట అదే పోయేటట్టు పెట్టుకొమ్మను. ఖాతాల పైసలు మాత్రం ఉండాలె. వచ్చే రంజాన్ అయినంక రమ్మను, చూద్దాం.”

బాను బీ ఆమె ఇచ్చిన మంచినీళ్ళు తాగి బయటికొచ్చింది.

ఎండ నడినెత్తి దాటింది. ఎడమకు తిరగాలి, తిరిగింది. మందుల దుకాణం రావాలి, ఫోన్ల దుకాణం వచ్చింది. వెనక్కి వచ్చి ఇంకో వైపు పోయింది. అక్కడా అన్నీ ఒక్క తీరు షటర్లే. కొంగు చూసుకుంది. ముడి ఉంది. దేనికి? బ్యాంకుకు. బ్యాంకు పని అయిపోయింది. ఇంటికి కూడా ఒక ముడి వేసుకోవాలని ఆమెకు ఏనాడూ తోచలేదు.

ఎవరినైనా అడగవచ్చు. అడిగితే ఏ గల్లీ అంటారు. గల్లీ పేరు నోట్లో నానుతున్నది గానీ బయటికి రావడం లేదు. రేపటికల్లా బాను బీకి మతి తప్పిందని ఊరంతా అంటుంది. తలుపుకు బయటి నుంచి గొళ్ళెం పడుతుంది. తన అత్తకు చివరి రోజుల్లో అట్లాగే పడింది. ఆ గొళ్ళెం వేసిన చేయి తనదే.

ఒక దుకాణం అరుగు మీద కూలబడింది. అప్పుడు రోడ్డు మీద మనిషి లేని నీడ ఒకటి రావడం కనిపించింది. ఊళ్ళో అట్లాంటివి ఇంకా ఉన్నాయి. కానీ దీని కుడి భుజం కిందికి వాలి ఉంది, మోటర్లు మోసి మోసి. గంట కింద అన్నానికి ఇంటికి పోయిన సాబిర్ నీడ అది. బాను బీ లేచి దాని వెంట నడిచింది.

చాయ్ హోటల్ ధర్మేందర్ కేక వేశాడు. “ఏం పెద్దమ్మా, కొడుకు ఎప్పుడో పోయిండు, నీడ ఇప్పుడు పోతుంది. నువ్వు ఇద్దరికన్న లేటున్నవ్!”

“లేటైతే ఏంది? పోతున్న గద!”

వెల్డింగు దుకాణం ముందు నీడ ఆగింది. అక్కడ కొత్తగా పచ్చ రంగు వేసిన బండి ఉంది. నీడ దాని కమ్మీ మీద చేయి వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. తల వంచుకుని నిలబడింది. నిన్న నవ్విన కొడుకు ఇవాళ ఇక్కడ ఇంతసేపు నిలబడ్డాడని తల్లికి ఇప్పుడు తెలిసింది. ఆమె రెండడుగులు జరిగి, తన నీడ దాని పక్కన పడేటట్టు నిలుచుంది. అది కదిలిన తరువాతే కదిలింది.

గల్లీ మొదట్లోనే సాబిర్ ఎదురయ్యాడు. చెమటతో అంగీ ఒంటికి అతుక్కుపోయింది.

“ఎటు పోయినవ్ అమ్మీ? పరేషాన్ చేస్తివి గద! ఎంత ఎతికిన!”

“ఎటు పోత? నీ ఎన్కనే వచ్చిన.”

సాబిర్ నేల వైపు చూశాడు. తన నీడ తనను దాటుకుని ఇంటి గడప దగ్గరికి పోయి, వంగి చెప్పులు విడుస్తున్నది. దాని పక్కనే తల్లి కూడా వంగి చెప్పులు విడిచింది. ఆమె ఇంటిదారి ఎట్లా పట్టిందో అతనికి అప్పుడు అర్థమైంది.

మర్నాటి నుంచి సాబిర్ దుకాణానికి దారి మార్చాడు. అమ్మకు అంగడిలో పనుంటే అంగడి మీదుగా, దవాఖాన ఉంటే దవాఖాన మీదుగా పోయేవాడు. తిరిగి వచ్చేటప్పుడూ అదే దారి. గంట తరువాత నీడ లేచేది, బాను బీ దాని వెనక నడిచేది. తలుపుకు గొళ్ళెం పడలేదు.

పచ్చ బండిని కల్హేర్ వాళ్ళెవరో కొనుక్కుపోయారు. జగదీశ్వర్ బయానా తిరిగివ్వలేదు, ఇంకోటి చేసిపెడతానన్నాడు. కిస్తీ మాత్రం ప్రతి నెలా ఖాతాలోంచే పోయింది. నీడ కోళ్ళకు నూకలు చల్లే వేళకే లేవసాగింది, తరువాత గ్లాసులు కడిగే వేళకే. దాన్ని చూసి బాను బీ సంతోషించేది. ఆ వెంటనే, ఇక ముందు ఎవరి వెనక నడవాలి అనుకునేది.

రంజాన్ వెళ్ళిన నెలలో లోను వచ్చింది. నీలం రంగు బండి వాకిట్లో నిలబడింది.

ఆ మర్నాడు బాను బీ తలుపు తెరిచి పట్టుకుంది. సాబిర్, అతని కాళ్ళకు అంటుకుని అతని నీడ, ఇద్దరూ ఒక్కసారే లేచారు. కానీ గడప దాటలేదు. సాబిర్ మంచం కింద వెతుకుతున్నాడు.

“ఏందిరా, ఇంక పోలే?”

“చెప్పులు దొరుకుతలేవు అమ్మీ. నువ్వు అంగడికి తయారు కా, అంతల ఎతుకుత.”

చెప్పులు రెండూ అతని కాళ్ళకే ఉన్నాయి. బాను బీ చూసింది. నీడ కాళ్ళకు కూడా ఉన్నాయి.

ఆమె కొంగు సవరించుకుంది. ముడి వేసుకోలేదు.

“దొరుకుతయ్ తియ్యి. పా, నీ ఎన్కనే వస్త.”