మేనిఫోల్డుకు మెరుగు

రహీం చాచాకు కారు ఎందుకని నేను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. నా మాట విన్నదెవరు? బోధన్‌లో కలాయి అంటే అబ్దుల్ రహీం పేరే చెప్పేవాళ్లు. రాగి గంగాళమైనా ఇత్తడి గిన్నె అయినా ఆయన తగరం పూసి ఇస్తే లోపల ముఖం చూసుకోవచ్చు. స్టీలు గిన్నెలు వచ్చాక ఆయన కొట్టు గడప తొక్కేవాళ్లు తగ్గిపోయారు. చివరికి కొట్టు అమ్మేసి ఒక పాత ల్యాండ్‌మాస్టర్ కారు కొన్నాడు. కొడుకు ఎజాజ్ దాన్ని బోధన్ నుంచి నిజామాబాద్‌కు నడపాలి, ఆ సవారీల మీద ఇల్లు గడవాలి. ఆ కారు తప్ప వాళ్లకు ఇంకో ఆధారం లేదు.

మా ఆయన రామ్‌దాస్ మెకానిక్. మా షెడ్డూ ఇల్లూ ఒకటే, చాచా ఇల్లు గోడ అవతల. ఆ కారు దగ్గినా తుమ్మినా ముందు వినేది నేనే.

చెరుకు సీజన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి బండ్లు తోలిన రైతులు బజారు పనికి నిజామాబాద్ పోతారు. ఎజాజ్ వాళ్లను ఒకరి ఒళ్లో ఒకరిని కుక్కినట్టు కుక్కేవాడు. ఆ బరువుకు కారు దారిలో జానకంపేట దాటేసరికి ఉసూరుమనేది. దిగి నడిస్తే ముందు చేరతామని సవారీలు ఎకసెక్కాలాడారట. పిల్లవాడు ముఖం వేలాడేసుకుని కారును షెడ్డుకు తెచ్చాడు.

మా ఆయన ఇంజన్ పక్కనున్న ఇనుప గొట్టం ఊడదీశాడు. దాన్ని మేనిఫోల్డ్ అంటారు. గాలీ పెట్రోలూ కలిసి అందులోంచే ఇంజన్‌లోకి పోతాయి. లోపలంతా పోత పోసినప్పటి గరుకు, దానిమీద మసి. చాచా అందులో వేలు పెట్టి, నల్లబడ్డ వేలును అందరికీ చూపించాడు.

"గిదేంది రామ్‌దాస్, గింత గలీజున్నది లోపల! గిసుంటి గిన్నెల నువ్వు బువ్వ తింటవా?"

"గిది గిన్నె గాదు చాచా. జర గరుకుంటేనే పెట్రోలు గాలిల మంచిగ కలుస్తది. నున్నగ జేస్తె గోడలకు అంటుకుంటది. అసలు తకరారు పిస్టన్ రింగులది, అరిగిపోయినయ్. గవి మారిస్తె సాలు."

"రింగులు నువ్వు మార్చు. దీనికి మెరుగు నేను పెడత. ఇంట్ల కూసొని నా చేతులేం జెయ్యాలె?"

మా ఆయన వద్దన్నాడు. చాచా వినలేదు. ఆ గొట్టాన్ని ఇంటికి పట్టుకుపోయి మంచం పక్కన పెట్టుకున్నాడు, వచ్చిన వాళ్లందరికీ దాని లోపలి మురికి చూపించాడు. ఎజాజ్ మా గడపలో కూలబడ్డాడు.

"ఏం జెయ్యాలె రేణుకక్కా? రామ్‌దాసన్న మాట నిజమే. గని కొట్టు అమ్మిన కాంచి అబ్బా నాతోని నిండుగ మాట్లాడలె. గా గొట్టం సూడంగనే ఆయనకు మాటలొచ్చినయ్. వద్దని నేనెట్లనాలె?"

"నోటితోనే అనాలె. కారు ఇంజన్ తోని నడుస్తదా, మీ అబ్బా మాటల తోని నడుస్తదా?" అన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది.

వాడికి నా కోపం కంటే తండ్రి మౌనమే పెద్ద భయం. చివరికి మా ఆయనే మెత్తబడ్డాడు.

"సరే చాచా. రవ్వంత గీకితె కొంపలేం మునుగయి. ఒట్టి మెరుగే పెట్టు" అని చెప్పి, రింగులు తేవడానికి హైదరాబాద్ బస్సెక్కాడు.

చాచా ఇనుప తీగకు కొబ్బరి పీచు చుట్టి, ఇసుకా చింతపండూ వేసి ఆ గొట్టం లోపల తోమాడు. ఆయన భార్య అక్తర్ చాచీ నీళ్లు పోస్తూ కూర్చుంది. సాయంత్రానికి ఇనుము తెల్లబడింది. పని అక్కడితో ఆగాల్సింది. కానీ ఆ ఇంట్లో తాతలనాటి నియమం ఒకటి ఉంది. తోమిన పాత్రను ఒట్టిగా తిరిగి ఇవ్వకూడదు. తగరం పూయని పాత్ర విషమని, అది తెలిసీ ఇచ్చినవాడిది పాపమని వాళ్ల నమ్మకం. మర్నాడు పెరట్లో కొలిమి రాజుకుంది, చాచీ తిత్తి ఊదింది, కలాయికి చల్లే నవాసారం పొగ గోడ దాటి మా వాకిట్లోకి వచ్చింది. ఎవరో గిన్నె తెచ్చారు కాబోలు, పోనీలే అని నేను సంతోషపడ్డాను.

మా ఆయన వచ్చి చూసేసరికి గొట్టం లోపల వెండిలా మెరుస్తోంది. చాచా చేతి మెరుగు అంతేననుకున్నాడు. కొత్త రింగులు వేసి అన్నీ బిగించాడు. కారు ఊపందుకుంది. మొదటి ట్రిప్పుకు చాచా ముందు సీట్లో కూర్చుని నిజామాబాద్ దాకా పోయివచ్చాడు.

"సూసినవా బిడ్డా? లోపల సాఫుంటే బండి ఎట్ల ఉరుకుతదో!" అన్నాడు నాతో. అది రింగుల మహిమ అని నేను అనలేదు. ఆ ముఖం చూశాక ఎవరంటారు?

ఆ వారమే, ఎండలో నిండా జనంతో పోతుండగా, జానకంపేట దగ్గర ఇంజన్‌లో గులకరాళ్లు పోసినట్టు చప్పుడైంది. కారు ఆగిపోయింది. ఖాళీ చెరుకు బండికి కట్టి ఎడ్లతో లాగించుకొచ్చారు.

మా ఆయన ఇంజన్ విప్పాడు. లోపల దొరికిన తెల్లటి ముద్దను చాచా అరచేతిలో పెట్టాడు.

"తగరం" అన్నాడు చాచా.

"కలాయి పెట్టినవా చాచా?"

"తోమినంక ఒట్టిగ ఎట్లిస్త బిడ్డా?"

"గా గొట్టం కిందనే పొగ గొట్టముంటది. పొయ్యి మీద వెట్టినట్టే. కరిగి లోపల వడ్డది. వాల్వులు మూతపడుతలేవు, సిలిండర్ బోరు మొత్తం గీసుకపోయింది."

"బాగైతదా?"

మా ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎజాజ్ తిడతాడేమో, కనీసం అరుస్తాడేమో అని చూశాను. "నడువు అబ్బా, ఇంటికి పోదాం" అని మాత్రం అన్నాడు. వాడు అరిచినా బాగుండేది. నాకు ఏడుపు ఆగలేదు.

కొత్త ఇంజన్‌కు డబ్బు లేక కారు తుక్కు కింద పోయింది. ఎజాజ్ చెరుకు కొట్టే కూలీల్లో కలిశాడు. స్టీరింగ్ పట్టిన చేతులకు బొబ్బలెక్కాయి. చాచా వాకిట్లో మంచం మీద, గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఎండాకాలం పెళ్లిళ్లు మొదలయ్యాక, ఎడపల్లి నుంచి హన్మవ్వ అనే ముసలామె పెద్ద రాగి గంగాళం నెత్తిన పెట్టుకుని వచ్చింది. మనుమరాలి పెళ్లి వంటకు దానికి కలాయి పెట్టించాలట. ఎన్ని నెలలకో వచ్చిన గిరాకీ.

"కలాయి రహీం ఇల్లు గిదేనా అయ్యా?"

చాచా లేచి కూర్చున్నాడు. గంగాళం వైపు చూసి, ముఖం తిప్పుకున్నాడు.

"ఇదే గని, గాయన సచ్చిపోయిండవ్వా" అన్నాడు.

"అయ్యో! గాయన పెట్టిన కలాయి ఏండ్లకేండ్లు ఉండేది" అంటూ ఆమె గంగాళం మళ్లీ నెత్తికెత్తుకుంది. పిలుద్దామని నేను నోరు తెరిచాను. గుమ్మంలో నిలబడ్డ చాచీ నావైపు చూసి, వద్దని చెయ్యి ఊపింది.