మేయరు చెక్కజోళ్లు

1914 ఆగస్టులో చర్చి గంట మోగింది. ఓదిల్ కొడుకులిద్దరూ యుద్ధానికి పోయారు. అప్పట్నుంచి ఆ ఫ్రెంచి పల్లెలో చావు కబుర్లు మోసుకొచ్చేది మేయరు గస్పారే. ఆయన చెక్కజోళ్ల చప్పుడు వింటే తల్లుల గుండెలు జారిపోయేవి. పెద్దవాడి కబురుతో ఓదిల్ గుమ్మం కూడా ఎక్కాడు.

నాలుగేళ్లకు గంట మళ్లీ మోగింది. వెనకే చెక్కజోళ్ల చప్పుడు, పరుగున. ఓదిల్ గడియ పెట్టేసింది.

"యుద్ధం అయిపోయిందమ్మా! తలుపు తియ్యి!"

"మా చిన్నాడు బతికున్నాడా?"

"అదింకా తెలీదు..."

"మొన్న చనిపోయినవాళ్ల కబురు మీకెప్పుడొస్తుంది?"

గస్పార్ గొంతులో నవ్వు ఆరిపోయింది. "మరో వారం పట్టొచ్చు."

"అయితే అది మీకయిపోయింది, నాకు కాదు. ఆ జోళ్లు విప్పి చేత్తో పట్టుకు పొండి. ఆ చప్పుడిక నా చెవిన పడకూడదు!"

ఆయన జోళ్లు విప్పి చేత్తో పట్టుకుని వెళ్లాడు. అప్పుడు తట్టింది ఓదిల్‌కు, ఇక చిన్నాడి కబురుతో ఆయన గుమ్మం దాకా వచ్చినా ముందుగా తెలియదని.