శనగ చేలో గాలం

పొద్దున్నే పాలు కాగబెట్టి, అత్త జానకమ్మకు కాఫీ ఇచ్చి, పూర్ణిమ గాలం కర్ర భుజానేసుకొని చేనికి పోయేది. వాళ్ల చేను ఆళ్లగడ్డ దాటితే రోడ్డు పక్కనే. శనగ కోత అయిపోయి నల్లరేగడి నెర్రెలిచ్చి ఉండేది. ఆమె కొంగు నడుముకు చెక్కి, కాళ్లు ఎడంగా పెట్టి, తనకంటే బాగా పొడుగైన ఆ కర్రను వెనక్కి వంచి, దారం చివరి సీసం గుండును శక్తి కొద్దీ ఇసిరేది. కొక్కెం కట్టేది కాదు. సాధకమే గదా.

ఆ కర్ర ఆమె భర్త జయప్రకాష్‌ది. నంద్యాలలో విత్తనాల అంగడి ఆయనకు. చలికాలంలో ఆదివారం వస్తే చాలు, గిద్దలూరు మీదుగా ఒంగోలు దగ్గరి కొత్తపట్నం పోయి, మోకాటి లోతు అలల్లో నిలబడి గాలమేసేవాడు. ఎండాకాలం గాలికి సముద్రం రేగుతుంది, ఒడ్డున చేప పడదు. ఆ నెలల్లో చెయ్యి మరిచిపోకూడదని ఈ చేలోనే ఇసిరి ఇసిరి సాధించేవాడు. ఊళ్లోవాళ్లు నవ్వినా పట్టించుకునేవాడు కాదు.

పోయిన కార్తీకంలో ఒక అల ఆయన్ని లాక్కుపోయింది. కర్ర ఒడ్డుకు కొట్టుకొచ్చింది, మనిషి రాలేదు. బంధువులు కర్మ చేయిద్దామన్నారు. పూర్ణిమ ఒప్పుకోలేదు. చలికాలం తిరిగొచ్చేలోపు ఇసరడం నేర్చుకుంటానని, ఆ ఒడ్డునే నిలబడి ఆయన పోయిన చోటికి గాలమేస్తానని చెప్పింది. కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా చెప్పింది. అప్పటినుంచి ఆమెకు అన్నం సయించలేదు. అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, మళ్లీ బొబ్బలెక్కినాయి.

ఉగాది దాటినాక ఒక రోజు గుండు ఎంతకీ నేలమీద పడలేదు. దారం పోతానే ఉండింది. చివరకు ఎక్కడో దూరంగా బుడుంగుమని చప్పుడైంది. చుట్టుకుంటే దారం తడిగా వచ్చింది. నాలుకకు తగిలిస్తే ఉప్పు. ఆ పైన రోజూ అంతే. పక్క చేను శ్రీనివాసులు వచ్చి, సముద్రం నీళ్లు తన నువ్వుల మీద చిందుతున్నాయని, గాలం కొంచెం అవతలికి మళ్లించి ఇసరమని చెప్పి పోయినాడు. చాగలమర్రి బస్సు కోసం నిలబడిన ఆడవాళ్లు చేపలేమన్నా పడినాయా అని అడిగేవాళ్లు.

పూర్ణిమకు చేపలతో పని లేదు. ఇసిరిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టేది. ఖాళీ గుండు వచ్చినప్పుడల్లా కొంగుతో తడి తుడిచి మళ్లీ ఇసిరేది.

ఒక పొద్దు దారం ఉన్నట్టుండి బిగిసింది. కర్ర విల్లులా వంగింది. ఆమె కేకకు జానకమ్మ పరిగెత్తుకొచ్చి కోడలి నడుము పట్టుకుంది. శ్రీనివాసులు పార పడేసి వచ్చి కర్రకు చెయ్యేసినాడు. నెర్రెలోనుంచి ముందు నీళ్లు ఉబికినాయి, తర్వాత దారాన్ని పట్టుకున్న ఒక చెయ్యి పైకొచ్చింది. మణికట్టు మీద సిలువ పచ్చబొట్టు.

జయప్రకాష్ చేతికి పచ్చబొట్టు లేదు.

పూర్ణిమ పట్టు సడలింది. కర్రకున్న రీలు గిర్రున వెనక్కి తిరిగి, ఆ చెయ్యి మళ్లీ మునగబోయింది. జానకమ్మ కూడా పచ్చబొట్టును చూసింది.

"ఇడిసిపెట్టాకు," అన్నది కోడలి వీపుకు మొహం ఆనించి. "వానికీ ఒగ అమ్మ ఉంటాది."

పూర్ణిమ పళ్లు బిగించి రీలు తిప్పింది.

బయటపడిన మనిషి కడుపులోని నీళ్లన్నీ కక్కి, తన పేరు జోసెఫ్ అని చెప్పినాడు. వేట నిషేధమని పెద్ద పడవలు కట్టేసినా, తెల్లారుజామున చిన్న తెప్ప మీద కొత్తపట్నం నుంచి పోయినాడంట. అది తిరగబడింది. జానకమ్మ అతనికి కొడుకు చొక్కా ఇచ్చి, జొన్నరొట్టె పెట్టింది. శ్రీనివాసులు ఫోన్ తీసుకొని జోసెఫ్ తన భార్య సౌజన్యకు చేసినాడు. అవతల ఆమె ఏడుపు వాకిలి దాకా వినిపించింది. పూర్ణిమ ఆ ఏడుపును చివరిదాకా వినింది.

ఫోన్ పెట్టేసినాక అడిగింది. "ఆ నీళ్లల్లో ఇంకెవురన్నా ఉండారా అన్నా?"

అతను తల దించుకున్నాడు. "లేరమ్మా. మునిగిపోతా ఉంటే ఈ గుండు నా ఎదురుగా పడింది. ఇంకొంచెం ఆలస్యమైతే నేనూ ఉండేవాణ్ని కాదు."

కార్తీకంలో జయప్రకాష్ మునిగిన రోజు ఇట్లా ఎవరూ గాలమేయలేదు. ఇన్ని నెలలూ ఆమె చేతులు పగలగొట్టుకున్నది ఆ రోజు కోసమే. అది దాటిపోయింది. జోసెఫ్‌ను నంద్యాలకు తీసుకుపోయి ఒంగోలు బస్సెక్కించి, ఇంటికొచ్చి గడపలోనే కూలబడి అత్తతో కర్మ చేయిద్దామంది. ఇద్దరూ అప్పుడు ఏడ్చినారు.

కర్మ ముగిసి చుట్టాలు వెళ్లిపోయిన మరుసటి పొద్దున పూర్ణిమ కర్ర భుజానేసుకుంది. జానకమ్మ కాఫీ గ్లాసు పక్కన పెట్టి అడిగింది.

"ఇంగ ఎవురి కోసరం పోతాండావే?"

"ఈ పొద్దు నీళ్లల్లో ఎవురు పడినారో అత్తా."

జానకమ్మ తలుపుకు గొళ్లెం పెట్టి, కోడలి వెంట నడిచింది.