ఆనందకుమారి ఆపని గాలి

ఆనందకుమారి ప్రార్థన మొదలుపెడితే ఒక పట్టాన ఆమెన్ అనదని ఊళ్ళో అందరికీ తెలుసు. పెళ్ళి విందులో ఆమె చేత ప్రార్థన చేయిస్తే అన్నం చల్లారిపోతుందని, పాస్టరు జడ్సన్ గారు నవ్వుతూ ఇంకెవరినో పిలిచేవారు. అయినా బిడ్డకు జ్వరం తగ్గకపోతే, పిల్లకు సంబంధం కుదరకపోతే జనం వెతుక్కుంటూ వచ్చేది ఆమె ఇంటికే. ఆమె మొగుడు హెబ్రోను దగ్గర మాత్రం ఆ ప్రార్థనలు పారలేదు. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి. ఆదివారం పూట అందరూ చర్చికి నడిస్తే అతను తన రొయ్యల గుంటల వైపు నడిచేవాడు. "నాకూ కలిపి నువ్వే చేసెయ్యి. ఎట్టా పొడుగ్గానే చేస్తావు గదా" అనేవాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆమె దేవుణ్ణి విడవకుండా అడుగుతున్నది ఒక్కటే. ఈ మొండిమనిషి ఎవరి బలవంతమూ లేకుండా ఒక్కసారి మోకాళ్ళ మీద కూర్చుంటే చాలు.

తుఫాను తమ బోగోలు మండలంలోనే తీరం దాటుతుందని ముందురోజే తెలిసిపోయింది. మండలాఫీసు వాళ్ళు ఆటోకు మైకు కట్టి వీధి వీధీ తిరిగారు. గొడ్ల పలుపులు విప్పేయమన్నారు, ఇంట్లో కరెంటు ఆపేయమన్నారు, మంచినీళ్ళూ మందులూ సంచిలో పెట్టుకుని తుఫాను షెల్టరుకు రమ్మన్నారు. ఒక్క మాట మాత్రం గొంతు బొంగురుపోయేదాకా చెప్పారు. గాలి మధ్యలో ఆగుతుంది, అది తుఫాను కన్ను, ఆగింది కదా అని బయటికి రావద్దు, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ వస్తుంది, ఈసారి సముద్రాన్ని కూడా వెంటబెట్టుకుని వస్తుంది. అందరూ విన్నారు. ఆనందకుమారి కూడా దుప్పట్లు మడతపెడుతూ విన్నది.

షెల్టరు అంటే ఎత్తయిన స్తంభాల మీద కట్టిన పెద్ద హాలు. తెల్లవారేసరికి అందులో కాలు పెట్టే సందు లేదు. గాలి ఉత్తరం నుంచి అందుకుంది. మొదట ఈల వేసింది, తర్వాత అరిచింది, పొద్దెక్కేకొద్దీ అది గాలి చప్పుడులా కూడా లేదు. నూరు లారీలు ఒక్కసారిగా హాలు చుట్టూ తిరుగుతున్నట్టుంది. రేకులు కాగితాల్లా ఎగిరిపోయాయి. సిమెంటు గోడకు వీపు ఆనిస్తే లోపల సన్నని వణుకు తెలిసేది. హెబ్రోను కిటికీ ఊచలు పట్టుకుని గుంటలున్న వైపే చూస్తున్నాడు. వారంలో రొయ్యల పట్టుబడి. తూము తీయకపోతే వాన నీటికి గట్టు తెగుతుంది, తెగితే ఏడాది కష్టం కాలువలో కలుస్తుంది.

"అమ్మే ఆనందకుమారీ," అన్నది పక్కనే చాప మీద ముడుచుకుని కూర్చున్న వెంకటశేషమ్మ. ఆమెది ఎదురిల్లు, రోజూ దీపం పెట్టుకునే మనిషి. "నా దేవుళ్ళందరినీ పిలిచి అయిపొయ్యింది. ఇంక నీ దేవుణ్ణి పిలువు తల్లా."

ఆనందకుమారి లేచి నిలబడింది. ఆ హోరులో పొడుగు ప్రార్థన ఎవరికి వినబడుతుంది? "ఈ గాలిని ఆపు తండ్రీ" అని గొంతు చించుకుని అరిచింది. ఆమె చేసిన ప్రార్థనల్లోకెల్లా పొట్టిది అదే. ఆమెన్ అన్నది.

గాలి ఆగింది.

ఒక్క ఊపున కాదు గానీ, నాలుగైదు ఊపిర్లలో తగ్గి తగ్గి ఆగిపోయింది. చెవులు గింగురుమన్నాయి. ఎక్కడో పసిబిడ్డ ఏడుపు, నీళ్ళు బొట్లు బొట్లుగా కారే చప్పుడు వినిపించాయి. ఎవరో తలుపు గడియ తీశారు. జనం మెల్లగా వరండాలోకి వచ్చి, అక్కడే కొయ్యబారిపోయారు.

తల మీద నీలాకాశం. మిట్టమధ్యాహ్నపు ఎండ తళతళలాడుతోంది. చుట్టూ మాత్రం, నాలుగు దిక్కులా, తెల్లటి మేఘాలు నేల నుంచి ఆకాశం దాకా గోడ కట్టినట్టు నిలబడ్డాయి. బావి అడుగున నిలబడి పైకి చూస్తున్నట్టుంది. సముద్రం ఒడ్డును వదిలి ఎంతో దూరం వెనక్కి పోయింది. ఎన్నడూ ఎవరూ చూడని అడుగు బురద ఎండకు మెరుస్తోంది. పిట్టగోడ మీద, మెట్ల మీద, ఆఖరికి జనం కాళ్ళ మధ్య కూడా సముద్రపు పక్షులు వాలి ఉన్నాయి. మనిషి చెయ్యి తగిలినా ఎగరలేదు. ఒక కొంగను వెంకటశేషమ్మ ఒళ్ళోకి తీసుకుంటే అది కళ్ళు మూసుకుంది.

మైకులో విన్న మాట ఒక్కరికీ గుర్తు రాలేదు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగే బాపతు అనుకుంటారేమో గానీ, ఆ ఆకాశం కింద నిలబడిన వాళ్ళను తప్పుపట్టడం కష్టం. జడ్సన్ గారు చేతులెత్తి స్తుతి పాట అందుకున్నారు. ఆడవాళ్ళు వచ్చి ఆనందకుమారి చేతులు కళ్ళకద్దుకున్నారు. ఆమెకు ఒళ్ళంతా పులకరించింది. నా మాట విన్నాడు, ఇంత ఆకాశం నా మాట విన్నది అనుకుంది. పక్కకు చూస్తే హెబ్రోను మోకాళ్ళ మీద ఉన్నాడు. మొహం నిండా కన్నీళ్ళు.

"ఇన్నాళ్ళూ నిన్ను ఎగతాళి చేసినా," అన్నాడు. "ఉన్నాడే. నిజంగానే ఉన్నాడు."

ఆమెకు ఇంకేం కావాలి? ఏళ్ళ తరబడి అడిగింది ఎదురుగా ఉంది. ఆ క్షణానే చచ్చిపోయినా ఫరవాలేదనిపించింది. హెబ్రోను కళ్ళు తుడుచుకుని లేచాడు. "తూము తీసేసి వస్తా. ఆయన ఆపినాక మళ్ళీ ఎవురు లేపుతారు?" అంటూ పార అందుకుని మెట్లు దిగాడు. గుంటలున్న ఇంకో పదిమంది పారలు తీసుకుని పాడుకుంటూ వెంట కదిలారు.

ఆమె వాళ్ళ వీపుల వైపు మురిసిపోతూ చూసింది. అప్పుడు, దుప్పటి మడత మీద చెయ్యి పెట్టి విన్న ఆ మైకు మాట చెవిలో పలికింది. ఎదురు దిక్కు నుంచి. చుట్టూ ఉన్న మేఘాల గోడను మళ్ళీ చూసింది. అది నిలబడి లేదు. తిరుగుతోంది. దక్షిణం వైపు గోడ ఇందాకటి కంటే దగ్గరగా ఉంది.

చెబితే అతను మోకరించింది వట్టిదవుతుంది. ఈ జన్మకు మళ్ళీ మోకరించడు. చెప్పకపోతే మనిషే ఉండడు. ఆలోచించడానికి ఇంత వ్యవధి కూడా లేదు. చెప్పుల్లేకుండా మెట్లు దిగి, బురదలో పడుతూ లేస్తూ పరిగెత్తి వాళ్ళకు అడ్డం నిలబడింది.

"ఆపింది నేను కాదు! ఇది కన్ను. నిన్న మైకులో చెప్పినారే, అదే ఇది. పైకి పదండి!"

వరండాలోంచి జడ్సన్ గారు గట్టిగా అన్నారు. "అమ్మా, దేవుని కార్యాన్ని కాదనబాకమ్మా!"

"దేవుడు చెయ్యలేదని అన్లేదు అయ్యగారూ. నేను అడిగితే చేసినాడనేదే అబద్ధం. నేను అడక్కపోయినా ఇప్పుడే ఆగేది."

హెబ్రోను మొహం పాలిపోయింది. "అయితే నేను మోకరించింది?"

"ఉత్తిదే," అన్నది. "నా మాటకే గాలి ఆగిందని మోకరించినావు, అది ఉత్తిదే. రా పైకి. రాకపోతే నేనూ నీతోనే గుంటల కాడికి వస్తా."

చెప్పినట్టే ముందు నడవబోయింది. అతను చటుక్కున ఆమె రెక్క పట్టుకున్నాడు. కోపంతో పార నేలకేసి కొట్టి, ఆమెను లాక్కుంటూ వెనక్కి తిరిగాడు. మిగతావాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని వెంట నడిచారు. చివరి మనిషి మెట్లెక్కుతుండగా ఎండ ఆరిపోయింది. పిట్టలన్నీ ఒక్కసారిగా నేలకు అంటుకుపోయాయి.

ఈసారి గాలి దక్షిణం నుంచి వచ్చింది. తలుపు మూయడానికి ఎనిమిది మంది పట్టారు. ఊచల సందున చూస్తుంటే సముద్రం తిరిగి వచ్చింది. అల కాదు అది. సముద్రం సముద్రంగానే లేచి నడిచి వచ్చింది. సరుగుడు తోపు మునిగింది. రోడ్డు మునిగింది. గుంటలు, గట్లు, కాలువ అన్న తేడా లేకుండా ఒకటే నల్లటి నీళ్ళు స్తంభాలను కొడుతూ కింద పారుతున్నాయి. హెబ్రోను ఇందాక పార విసిరిన చోట ఒక పూరింటి కప్పు గిరగిరా తిరుగుతోంది. హాల్లో ఎవరూ ఏడవలేదు, పాడలేదు. జడ్సన్ గారు అరచేతుల్లో మొహం దాచుకున్నారు.

"ఎంత ఉందమ్మే ఇది!" అన్నది వెంకటశేషమ్మ, కొంగను పైట కింద దాచుకుని. "పుట్టినకాణ్ణించి చూస్తానే ఉండా. ఇంత ఉందనుకోలా."

హెబ్రోను చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడ్డాడు. తర్వాత వచ్చి భార్య పక్కన చతికిలబడి, ఆమె చెవిలో అరిచాడు. ఆ హోరులో అరిస్తే గాని వినబడదు.

"దేవుడి కాడికి రమ్మని ఇన్నేళ్ళు నా ప్రాణం తోడినావు. వచ్చినాక నువ్వే వెనక్కి గుంజినావు. దేవుడి కంటే నేను ఎక్కువైనానా నీకు?"

ఆనందకుమారికి మాటల కోసం తడుముకునే అలవాటు లేదు. కింద నీళ్ళు స్తంభాన్ని గుద్దితే హాలంతా కదిలింది. ఆమె అతని చొక్కా రెండు చేతులా పట్టుకుంది.

"అయినావు!" అని గొంతెత్తి అరిచింది.

హెబ్రోను గబుక్కున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టి, భయంభయంగా పైకి చూశాడు.

"మెల్లగా అనవే," అన్నాడు. "ఆయన ఇంటాడు."