హాజరు సంతకం

జగన్మోహనరావు మరిగిన నీళ్ళలోంచి సూదుల్ని పటకారుతో ఒక్కొక్కటీ తీసి స్టీలు డబ్బాలో పేరుస్తున్నాడు. బయట బెంచీ మీద నలుగురు జ్వరపువాళ్ళు కూర్చున్నారు. లోపలినుంచి భార్య బుజ్జమ్మ కేకేసింది. "ఇవాళ మీటింగు కదండీ, ఇంత తిని వెళ్ళండి."

ఆయన డాక్టరు కాడు. గోదావరి జిల్లాల వైపునుంచి అన్నతో కలిసి నిజాంసాగర్ కాలువ కింద పొలాలకు వచ్చాడు. అన్న సేద్యంలోకి దిగితే, తను బోధన్‌లో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేరాడు. ఇరవై ఆరేళ్ళుగా బాన్సువాడలో జ్వరాలకీ విరేచనాలకీ మందులిస్తున్నాడు. జనం డాక్టర్ సాబ్ అంటే ఇప్పటికీ కాస్త సిగ్గుపడతాడు. గ్రామీణ వైద్యుల సంఘం ఆయన్ని క్రమశిక్షణ కమిటీలో వేసింది తెలివి చూసి కాదు, నోరు చూసి. ఆ నోట్లోంచి కాదనే మాట రాదు.

కమిటీకో పద్ధతుంది. మెట్లెక్కగానే రిజిస్టరులో హాజరు సంతకం పెట్టాలి. చాయ్ తాగి విచారణ వినాలి. సంతకాల పైన వదిలిన ఖాళీలో అధ్యక్షుడు రాందాస్ తీర్మానం రాసుకుంటాడు. తొమ్మిదేళ్ళలో ఆ ఖాళీ సంగతి జగన్మోహనరావు ఒక్కసారీ అడగలేదు. గుంపులో గోవిందా!

అది తొంభై ఆరు చలికాలం. ఆనాటి మీటింగులో సేవ్యా మీద విచారణ. అతను జుక్కల్ దారిలోని ఒక తండాలో వైద్యం చేస్తాడు. పక్క ఊళ్ళో వైద్యం చేసే చందర్, ఆ తండాలోని ముసలామె మంగ్లికి దగ్గుకని ఎనిమిది నెలలు సెలైన్లు ఎక్కించాడు. సేవ్యా అది క్షయ అని చెప్పి ఆమెను ప్రభుత్వ దవాఖానకు తీసుకుపోయాడు. ఒక సభ్యుడి వైద్యాన్ని ఇంకో సభ్యుడు రోగి ముందు తప్పు పట్టడం సంఘంలో అన్నిటికంటే పెద్ద నేరం.

"నిజమే సార్, చందరన్న మందు తప్పని చెప్పిన," ఒప్పుకున్నాడు సేవ్యా. "గామె నెత్తురు కక్కుతుండె. ఎట్ల ఊకుంట?"

చందర్ తలెత్తలేదు. రాందాస్ రాయడం ముగించాడు. "ఆర్నెల్లు సూది ముట్టొద్దు. షాపులోళ్ళు గూడ నీకు మందులియ్యరు."

"నన్ను బందు పెట్టున్రి సార్. మంగ్లవ్వకు ఇంక నలభై సూదులున్నయి, రోజుకొకటి. గింత దూరం రోజూ బస్సెక్కి దవాఖానకు రాగల్గుతదా? నడుమ ఇడిస్తే రోగం మళ్ళ తిరగబెడ్తది."

"చందర్ ఏస్తడు తియ్యి."

"ఆయనతోని ఏపిచ్చుకోదు సార్."

జగన్మోహనరావు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. మొదటిసారి నోరు తెరిచాడు. "రాందాస్ గారూ, నలభై రోజులు ఆగితే ఏం పోయిందండీ? శిక్ష తర్వాతే వేద్దాం."

రాందాస్ కోప్పడలేదు. రిజిస్టరు ఇటు తిప్పాడు. "మీ సంతకం అయిపాయె గద సార్. ఇగ ఇప్పుడేంది?"

తీర్మానం కింద తన సంతకం గుండ్రంగా, అందంగా ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? "అది హాజరుకి కదండీ," అన్నాడు, తనకే వినిపించనంత మెల్లగా. తన మీద తనకే రోత పుట్టింది.

మెట్ల కింద సేవ్యా ఆయన చేతికి నలభై మందు సీసాలున్న ఒక గుడ్డసంచి ఇచ్చాడు. "మీరన్నా ఏసి రాండ్రి సార్. మేము చెరుకు కొట్టనీకి మహారాష్ట్రల డెగ్లూర్ దిక్కు పోతున్నం." కాదనలేక తీసుకున్నాడు.

మర్నాటినుంచి పొద్దున బస్సుకి తండాకు వెళ్ళాడు. మంగ్లి ఎముకల గూడులా ఉంది. "సేవ్యా తీరుగ నొప్పి లేకుంట ఏస్తవా కొడుకా?" అని అడిగింది. వేశాక నవ్వింది. ఏళ్ళ తర్వాత మొదటిసారి ఆయనకు తను చేసే పని మీద ఇష్టం కలిగింది.

అలా నాలుగు రోజులు. అయిదో రోజు తండా పక్క ఊళ్ళో బస్సు దిగేసరికి చందర్ ఎదురుగా ఉన్నాడు.

"మీరు గూడనా సార్? ఇది నా ఊరు, ఆమె నా పేషెంటు. రూలు మీదే, సంతకం మీదే."

చందర్ దారికేమీ అడ్డం నిలబడలేదు. పక్కనుంచి నడిచిపోతే ఆపేవాడూ కాదు. జగన్మోహనరావు అక్కడే నిలబడ్డాడు. అదే బస్సు జుక్కల్ వెళ్ళి తిరిగొస్తే ఎక్కాడు. ఈ సంగతి బుజ్జమ్మకు చెప్పలేదు.

హోళీ ముందు తండానుంచి ఒకతను జ్వరం మాత్రలకొచ్చి, మాటల్లో మంగ్లి పోయిందని చెప్పాడు. "ఎప్పుడు?" అని మాత్రం అడిగి, మాత్రలు పొట్లం కట్టి ఇచ్చాడు జగన్మోహనరావు.

సంచి ఆయన వెనక మేకుకు వేలాడుతోంది. అందులో ముప్పై ఆరు మందు సీసాలు, ఒక్కోదాని మీద తెల్ల ప్లాస్టరు ముక్క, ఆ ముక్క మీద ఏ సీసా ఏ రోజు వెయ్యాలో సేవ్యా రాసిపెట్టిన తేదీ.