వెయ్యి కొండల వైద్యురాలు

పోహాంగ్‌లో మా హైస్కూలు వెనక వీధిలో పందిమాంసం పులుసు అమ్మే హోటలొకటి ఉండేది. దాని పై అంతస్తులో క్వాక్ బాబాయ్ పీసీ బాంగ్ నడిపేవాడు. గంటకింతని కట్టి కంప్యూటర్లో ఆటలాడుకునే చోటు. ఇప్పుడక్కడ పళ్ళ డాక్టరు కూర్చుంటున్నాడు. మొన్న ఆ దారిన వెళ్తూ మెట్ల దగ్గర కాసేపు నిలబడ్డాను. వేడినీళ్ళు పోసిన నూడుల్స్, సిగరెట్ పొగ, వానకు తడిసిన మేజోళ్ళు, కిందనుంచి వచ్చే పులుసు ఆవిరి, అన్నీ కలిసిన ఆ వాసన ఎక్కడైనా మిగిలిందేమో అని. ఏమీ లేదు, మందుల వాసన తప్ప.

ప్రపంచకప్పు ఫుట్‌బాల్ మా దేశంలో జరిగిన ఏడాది మేం మొదలుపెట్టాం. ఊరంతా ఎర్ర చొక్కాలు వేసుకుని వీధుల్లో గంతులేస్తుంటే గిచోల్, మున్‌సు, నేను ఆ మేడమీద ‘వెయ్యి కొండలు’ అనే ఆటలో మునిగి ఉండేవాళ్ళం. గిచోల్ మా నాయకుడు, నోరు ఎక్కువ. మున్‌సు మాట్లాడడు, తింటాడు. నాకప్పటికి ఒక మగపిల్లవాడి పేరు ఉండేది. దానితో ఇప్పుడు పని లేదు. ఇంటిపేరుతో అందరూ హ్వాంగ్ అనేవాళ్ళు.

ఆ ఆటలో దెబ్బలు తగిలినవాళ్ళకు మందువేసే మనిషి జట్టుకొకరు ఉండాలి. ఆ పాత్ర ఆడపిల్లే. మగ వైద్యుడు లేడు. మా ముగ్గురిలో ఎవరికీ అది అక్కర్లేదు. ఓడినవాళ్ళే ఆడాలని చేతులు చాచి కత్తెర, రాయి, గుడ్డ పందెం వేశాం. నేను ఓడిపోయాను.

“ఏడవకురా,” అన్నాడు గిచోల్. “నెల రోజులు చెయ్యి. తర్వాత మున్‌సుగాడు చేస్తాడు.”

“నేను చెయ్యను,” అన్నాడు మున్‌సు నములుతూ.

పాత్రకు ముఖం, జుట్టు, బట్టలు ఎంచుకోవాలి. వాళ్ళిద్దరూ చిటికెలో గొడ్డళ్ళు పట్టుకుని తయారైపోయారు. నేను మాత్రం జుట్టు దగ్గరే ఆగిపోయాను. భుజాల దాకానా, నడుం దాకానా? రిబ్బను నీలమా, పసుపా? గిచోల్ నా కుర్చీని కాలితో తన్నాడు.

“ఏంట్రా, పెళ్ళిచూపులకు పంపుతున్నావా దాన్ని?”

“ఉండరా, ఎలాగూ రోజూ చూడాల్సింది నేనే కదా,” అన్నాను. చెప్పడానికి అంతకన్నా కారణం నాకూ దొరకలేదు. పేరు ఇసుల్ అని పెట్టాను. మంచుబొట్టు అని అర్థం.

ఆ రోజు నుంచి ఆ మేడమీద నాకు రెండు పిలుపులు. లేచి కూర్చుంటే “ఒరేయ్ హ్వాంగ్”. ఆట మొదలైతే “ఇసుల్, మందెయ్యవే తల్లీ, చచ్చిపోతున్నా!” క్వాక్ బాబాయ్ కూడా నూడుల్స్ గిన్నె పెడుతూ “డాక్టరమ్మా, గుడ్డు వెయ్యనా?” అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఎగతాళే అది. అయినా రెండో పిలుపు కోసమే బడి ఎప్పుడు వదులుతారా అని చూసేదాన్నని చాలా ఏళ్ళ తర్వాత గానీ నాకు తెలియలేదు.

మరుసటి ఏడాది ఆట తయారుచేసినవాళ్ళు రూల్ మార్చారు. కావాలంటే వైద్యురాలిని వైద్యుడిగా మార్చుకోవచ్చు, ఒక్క బటన్ నొక్కితే చాలు. గిచోల్ నాకన్నా ఎక్కువ సంబరపడ్డాడు.

“నీ శిక్ష అయిపోయిందిరా. నొక్కు.”

పసుపు రిబ్బను గాలికి ఊగుతుంటే తెర మీద ఇసుల్ నా వైపు చూస్తోంది. నొక్కలేదు. “అలవాటైపోయింది, మళ్ళీ ఎవడు మారుస్తాడు,” అన్నాను. గిచోల్ వింతగా చూసి మళ్ళీ ఆటలో పడ్డాడు.

పులిగోరు అనే పేరుతో ఆడే మనిషి పరిచయమైంది ఆ రోజుల్లోనే. వేరే ఊరి ఆటగాడు. నడుం దాకా గడ్డం, రెండు గొడ్డళ్ళు, నోరు విప్పితే తిట్లు. జట్టులో అందరూ ‘అన్నా’ అని వణికేవాళ్ళు. యుద్ధాలయ్యాక ఆటలోని పాత వంతెన మీద కూర్చుని నాతో మాత్రం ఊరికే కబుర్లు చెప్పేవాడు. ఒకసారి ఇలా టైప్ చేశాడు:

“నీకొక్కదానికే చెప్తున్నానే. నేను మగవాణ్ణి కాదు. పుసాన్‌లో చేపల బజారు పక్కన కొట్టు నాది. ఇద్దరు పిల్లల తల్లిని.”

“మరి ఆ గడ్డం?”

“గడ్డం ఉంటే మాట వింటారే ఈ వెధవలు. ఆడదాన్నని తెలిస్తే గొడ్డలి ఎలా పట్టుకోవాలో నాకే నేర్పిస్తారు.”

ఇంటిపేరు నో అని చెప్పింది, అప్పటినుంచి ఆమె నాకు నో అక్క. మోకాలి నొప్పి, అత్తగారి సతాయింపు, చలికాలం చేతులు పగలడం, అన్నీ చెప్పేది. నువ్వూ ఆడదానివే కదా, నీకు తెలియనిదేముంది అన్నట్టు. నేను ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు. వింటుంటే మాత్రం చలిలో ఎవరో పక్కకు జరిగి దుప్పట్లో చోటిచ్చినట్టు ఉండేది.

తర్వాత స్కూలు అయిపోయింది. మున్‌సు వాళ్ళ మామయ్య పడవ మీదికి, గిచోల్ దేగూలో కాలేజీకి వెళ్ళిపోయారు. నేను సైన్యానికి వెళ్ళాను. మా దగ్గర మగపిల్లలుగా పుట్టినవాళ్ళంతా వెళ్ళాల్సిందే. ఉత్తరాన కొండల్లో వేశారు. పని కష్టమే, మనుషులు చెడ్డవాళ్ళు కాదు. సెలవు దొరికితే ముందు ఏం చేస్తారని బారకులో అందరూ చెప్పుకునేవాళ్ళు. ఒకడు వేయించిన కోడి అన్నాడు, ఒకడు ప్రియురాలు అన్నాడు.

నాకు సెలవు దొరికినప్పుడు బస్‌స్టాండు పక్కన కనబడిన మొదటి పీసీ బాంగ్‌లోకి యూనిఫాంతోనే దూరాను. కొండలెక్కలేదు, ఎవరితోనూ పోరాడలేదు. ఇసుల్‌ని తీసుకెళ్ళి వంతెన మీద నిలబెట్టి ఊరికే కూర్చున్నాను. కాసేపటికి గడ్డం ఊపుకుంటూ పులిగోరు పరిగెత్తుకొచ్చింది.

“ఏమే ఇసుల్, ఎక్కడ చచ్చావే ఇన్నాళ్ళూ?”

ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చేశాను. పక్క కుర్చీలో కుర్రాడు హెడ్‌ఫోన్ తీసి, “అన్నా, ఓడిపోయావా?” అని జాలిగా అడిగాడు.

ఇంటికి వెళ్ళే బస్సు వదిలేసి పుసాన్ బస్సెక్కాను.

కొట్టు వెతకడం కష్టం కాలేదు. రుబ్బిన చేపముద్దల్ని కడ్డీలకు గుచ్చి పులుసులో ఉడికిస్తూ, రబ్బరు బూట్లు వేసుకున్న పొట్టి ఆవిడ ఎవరినో తిడుతోంది. ఆ తిట్లు నాకు తెలిసినవే.

“ఎన్ని కడ్డీలు బాబూ?”

“నో అక్కా, నేను ఇసుల్‌ని.”

గరిటె ఆగింది. నా గుండు తల, బూట్లు చూసింది. “ఇసుల్ తమ్ముడివా? దానికేమైంది?”

“తమ్ముణ్ణి కాదు. ఇసుల్‌నే.”

గరిటె పక్కన పెట్టింది. తర్వాత కళ్ళు చిన్నవి చేసి, “ఎర్రగుహ యుద్ధంలో మందెయ్యకుండా నన్ను చావనిచ్చింది నువ్వేనా?” అంది.

“ఆ రోజు నెట్ పోయిందక్కా.”

“అప్పుడూ ఇదే అబద్ధం చెప్పావు.” కాగితం కప్పులో వేడి పులుసు పోసి నా చేతిలో పెట్టింది. “తాగు. చల్లారిపోతుంది.”

కొట్టు వెనక బల్ల మీద కూర్చుని మాటలు వెతుక్కుంటూ చెప్పాను. ఆటాడనప్పుడు కూడా ఇసుల్‌గానే ఉండాలనిపిస్తోందని, అద్దంలో కనిపించేవాడే వేషం వేసినట్టు ఉన్నాడని, ఇది పిచ్చేమోనని.

“నువ్వూ మగవేషమే కదక్కా వేసేది. నీకూ ఇలాగే ఉంటుందా?”

ఆమె ఆలోచించింది. ఆటలో తొందరగా నోరు జారే మనిషి ఇక్కడ నింపాదిగా మాట్లాడింది.

“లేదే. నేను కంప్యూటర్ కట్టేశాక గడ్డం అక్కడే వదిలేసి ఇంటికెళ్ళి అంట్లు తోముకుంటాను. మళ్ళీ దాని ఊసే రాదు. నువ్వు వదల్లేకపోతున్నావు. అంతే తేడా.”

“అంటే ఏంటక్కా?”

“చేపలమ్ముకునేదాన్ని, నాకేం తెలుసు? తెలిసినవాళ్ళుంటారు, వెతుకు. తొందరేం లేదు. ఇంతకీ నిన్నేమని పిలవాలి?”

“ఎప్పుడూ పిలిచినట్టే.”

“సరే. అయితే ఈ ఉల్లికాడలు తరిగి పెట్టవే, సాయంత్రం రద్దీ మొదలవుతుంది.”

ఆ సాయంత్రమంతా యూనిఫాం చేతులు మడుచుకుని ఉల్లికాడలు తరిగాను. వచ్చినవాళ్ళతో నన్ను చూపించి “మా చెల్లెలు” అని చెప్పింది అక్క. కొందరు నవ్వారు, కొందరు కడ్డీలు కొనుక్కుని పోయారు. అంత సుఖమైన సాయంత్రం నాకు మళ్ళీ చాన్నాళ్ళకు గానీ రాలేదు.

సైన్యం నుంచి వచ్చాక పుసాన్‌లోనే ఉండిపోయాను. తెలిసినవాళ్ళు ఉన్నారు, దొరికారు. నాలాంటివాళ్ళు కలుసుకునే చోటొకటి, ఓపికగా వినే డాక్టరు ఒకావిడ. నాకున్నదానికి ఒక పేరుందని, అది నా ఒక్కదానికే ఉన్నది కాదని మెల్లగా అర్థమైంది. మందులు మొదలుపెట్టాను. జుట్టు పెరిగింది. గిచోల్‌కి దేగూ వెళ్ళి చెప్పాను. ఎత్తిన బీరు గ్లాసు కింద పెట్టాడు.

“ఆ రోజు బటన్ నొక్కనప్పుడే అనుకున్నాన్రా... అనుకున్నానే... ఏమనాలో నువ్వే చెప్పు, నా నోరు తిరగట్లేదు.”

“రెండోదే.”

“అలవాటవ్వాలి, తిట్టకు,” అన్నాడు. వేయించిన చికెన్ పళ్ళెం నా వైపు జరిపాడు.

అమ్మ సంగతి వేరు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఉక్కు ఫ్యాక్టరీ క్యాంటీన్లో వండి నన్ను పెంచిందామె. నా సంగతి చెప్పినప్పుడు ముల్లంగి తరుగుతోంది. నేను చెప్పడం అయిపోయినా తరుగుతూనే ఉంది. ఆ చలికాలమంతా ఫోనెత్తలేదు. బస్సులో తను పెట్టిన కిమ్చీ పచ్చడి డబ్బాలు మాత్రం వస్తూనే ఉన్నాయి, మూతల మీద ఏ పేరూ లేకుండా.

వసంతంలో ఒక ఆదివారం తనే వచ్చి తలుపు కొట్టింది. లోపలికొచ్చి, చెప్పులు సర్దిపెట్టి, “ఆ ఆట చూపించు,” అంది.

చూపించాను. అప్పటికి ఆడేవాళ్ళు పలచబడ్డారు. పాత వంతెన మీద ఇసుల్ ఒంటరిగా నిలబడి ఉంది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి జరిగింది.

“నడిపించు.”

ఏటి ఒడ్డు వెంట నడిపించాను. పూలచెట్ల కిందికి తీసుకెళ్ళాను.

“ఇదేనా పేరు? ఇసుల్?”

“అవునమ్మా.”

“బాగోలేదు. ఎండ పడితే పోయేది కూడా ఒక పేరేనా? బతకాల్సిన పిల్లకి అలాంటి పేరు పెట్టకూడదు.”

పిల్ల అంది. నేను తెర వైపే చూస్తూ కూర్చున్నాను, కదిలితే ఆ మాట చెదిరిపోతుందేమోనని.

మరుసటి వారం అమ్మ మా ఊళ్ళో పుట్టిన ఘడియ చూసి పేర్లు పెట్టే ముసలాయన దగ్గరికి వెళ్ళింది. “మా అమ్మాయికి పేరు కావాలి” అని అడిగిందట. “పాపాయి వయసెంత?” అన్నాడట ఆయన. “పాతిక దాటింది, కాస్త ఆలస్యమైంది” అందట అమ్మ. ఆయన మారుమాట లేకుండా మ్యంగ్‌హీ అని పెట్టాడు. మా అమ్మమ్మ కాలం పేరు. ఫోన్లో చెప్తే నో అక్క కొట్టు దద్దరిల్లేలా నవ్వింది.

కోర్టులో పేరు మార్చే పని పూర్తవడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. ఈలోపు ‘వెయ్యి కొండలు’ మూతపడింది. చివరి మధ్యాహ్నం గిచోల్, మున్‌సు, నో అక్క, అందరం వంతెన మీద కూర్చున్నాం. మున్‌సు ఎప్పటిలాగే మధ్యలో తినడానికి వెళ్ళొచ్చాడు.

కొత్త పేరు అధికారికంగా వచ్చిన నెలలో జలుబు చేసి మా వీధి క్లినిక్‌కి వెళ్ళాను. నర్సు తలుపు దగ్గర నిలబడి, “హ్వాంగ్ మ్యంగ్‌హీ గారూ,” అని పిలిచింది. నేను లేచాను. నా ఎదురు బెంచీ మీద ఊదారంగు కోటు వేసుకున్న ముసలావిడ కూడా లేచింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

“నీదీ ఇదే పేరా?” అంది ఆవిడ. “ఈ కాలంలో ఎవరు పెట్టారమ్మా నీకిది?”

“మా అమ్మ పెట్టిందండీ.”

“పాపం,” అని నవ్వి, మోకాళ్ళు పట్టుకుని మళ్ళీ కూర్చుంది. “పో అమ్మా, ముందు నువ్వే వెళ్ళు. నాకేం తొందరలేదు.”