జతకో పిల్ల కావాలి

లెక్కల అమ్మాయి మా మనవరాలి కోసం మా ఇంటికి వచ్చింది. పెద్దాసుపత్రి వాళ్ళు పంపారు. చిన్నపిల్లల్లో, పదిహేను పదహారేళ్ళ వాళ్ళలో కేన్సరు ఎవరికొస్తోంది, ఎందుకొస్తోంది అని ఇల్లిల్లూ తిరిగి అడగడం ఆవిడ పని. పిల్లల్లో ఈ జబ్బు బాగా తక్కువట. అందుకని ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ పోవాలట. ఆవిడ చెప్పుల అరుగుదల చూస్తే నిజమే అనిపించింది.

మా మనవరాల్ని ఇంట్లో పిచ్చుక అంటాం. పదకొండో ఏట దానికి రక్తంలో కేన్సరు వచ్చింది. మందులకి జుట్టంతా రాలింది గానీ జబ్బు తగ్గింది, పోయినేడు మందులు ఆపేశారు. ఇప్పుడు పద్నాలుగు నిండాయి. నోరు కూడా నిండుగానే ఉంది. తాగే నీళ్ళు, పొయ్యి పొగ, పుట్టినప్పటి బరువు, ఇంట్లో సిగరెట్లు ఎవరు కాలుస్తారు, అన్నీ అడిగింది ఆ అమ్మాయి. సిగరెట్ల దగ్గర అందరూ నావైపు చూశారు.

చివరికి ఇదే వీధిలో, ఇదే వయసులో, ఏ జబ్బూ లేని పిల్ల ఒకతె కావాలంది. జబ్బు పడ్డవాళ్ళనే అడిగితే ఏం తెలుస్తుంది? వాళ్ళంతా ఆ కుళాయి నీళ్ళే తాగారనుకో. జబ్బు రానివాళ్ళూ అవే తాగితే కుళాయిది తప్పెలా అవుతుంది? అందుకని జతకో పిల్లని చూసి, ఇద్దర్నీ అవే ప్రశ్నలు అడుగుతారు. నాకే అర్థమైందంటే ఇంక అందరికీ అయినట్టే.

పిచ్చుక వెంటనే కిటికీలోంచి ఎదురిల్లు చూపించింది.

ఎదురింట్లో బట్టలు కుట్టే ఆవిడ, ఆవిడ కూతురు బుంగ ఉంటారు. మాటకి ముందు మూతి ముడుస్తుంది కాబట్టి ఆ పిల్లకా పేరు. ఊహ తెలిసినప్పటినుంచీ పిచ్చుకా అదీ ఒకటే ప్రాణం. మా పిల్లకి జబ్బని తెలిసిన రోజున ఎదురింటి తలుపు పడింది. అంటుకుంటుందని ఆవిడ భయం. కూతురి బడి కూడా మార్చేసింది. ఇక్కడ జబ్బు నయమైనా అక్కడ భయం నయం కాలేదు. పిల్లలిద్దరూ కిటికీల్లోంచి సైగలు చేసుకుంటూ మూడేళ్ళు లాగారు. అది మళ్ళీ మనింటికొస్తే చాలు తాతా అనేది మా పిల్ల. దానికి వేరే కోరికే లేదు.

లెక్కల అమ్మాయి ఎదురింటికి వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చింది. నిక్షేపంలాంటి పిల్లని కేన్సరు లెక్కల్లో రాయిస్తానా అని బుంగ తల్లి కసురుకుందట. సరే, పక్క వీధిలో చూసుకుంటానని లెక్కల అమ్మాయి సంచి భుజాన వేసుకుంది. పిచ్చుక మొహం చిన్నబోయింది. కాసేపు ఆగమని ఆ అమ్మాయిని బతిమాలి, నావైపు తిరిగింది.

"తాతా, నువ్వెళ్ళు."

"వెళ్ళి ఏం మాట్లాడనే?"

"ఏం మాట్లాడకు. ఊరికే కూర్చో. అది నీకు బాగా వచ్చుగా."

చంక చిరిగిన చొక్కా ఒకటి పట్టుకుని వెళ్ళాను. పని పట్టుకొచ్చినవాణ్ణి పొమ్మనలేరు కదా. మిషను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆవిడ చొక్కా కుట్టి ఇచ్చింది. నేను లేవలేదు. ఇంకేం కావాలి బాబాయ్ అంది. ఏం వద్దన్నాను. మిషను కాసేపు తొక్కింది, ఆపింది. మాటలు ఊరే మనిషికి ఎదుటివాడి మౌనాన్ని మించిన శిక్ష లేదు. ముందు ఎండల గురించి చెప్పింది. తర్వాత దారం నాసిరకంగా వస్తోందంది. తర్వాత నేను అడక్కుండానే ఆ లెక్కల సంగతెత్తి, తన తప్పేం లేదని నాకు నచ్చజెప్పసాగింది. నేను చొక్కా మడతపెట్టాను. విప్పి మళ్ళీ మడతపెట్టాను. ఆఖరికి ఆవిడ వీధిలోకి తల పెట్టి, ఆ అమ్మాయిని కేకేసి, ఆ ప్రశ్నలేవో అడిగి పుణ్యం కట్టుకోమంది. లేకపోతే ఈయన స్టూలు దిగేలా లేడంది.

నీళ్ళూ పొగా అయ్యాయి. పుట్టినప్పటి బరువు గర్వంగా చెప్పింది. పసితనంలో వేరే పిల్లలతో కలిసి పెరిగిందా అంటే, అబ్బే, ఎవరితోనూ కలవనిచ్చేదాన్నే కాదంది. లోపలి గదిలోంచి బుంగ గొంతు వినిపించింది.

"అబద్ధం. నేను పెరిగిందే ఎదురింట్లో."

జవాబులు ఎక్కిస్తున్న ఫోను మీద లెక్కల అమ్మాయి వేలు ఆగిపోయింది. ఆవిడకి ఒప్పుకోక తప్పలేదు. కుట్టుపని ఎక్కువున్న రోజుల్లో పిల్లని మా ఇంట్లోనే వదిలేది. ఒకే పళ్ళెం, ఒకే దుప్పటి, ఒకే తువ్వాలు. ఒకదానికి దగ్గొస్తే రెండోదీ దగ్గేది. చెబుతూ చెబుతూ చేతిలో కత్తెర కింద పెట్టేసింది.

"ఆ జబ్బు బయటపడే ముందు రోజు కూడా ఇది వాళ్ళింట్లోనే పడుకుంది. మరి దీనికి రాలేదేం?"

"ఇది అంటుకునేది కాదక్కా," అంది ఆ అమ్మాయి. "పిల్లలకి ఎందుకొస్తుందో చాలామటుకు మాకూ తెలీదు. తెలుసుకుందామనే ఈ తిరుగుడు."

 ఆవిడ నామీద పడింది.

"అంటుకోదని మీ కోడలు చెబుతూనే ఉంది. కన్నతల్లి కదా, అలాగే చెబుతుందనుకున్నా. నువ్వొక్కసారి చెప్పుంటే నమ్మేదాన్ని బాబాయ్."

"నువ్వడగలేదమ్మా," అన్నాను.

తిట్టబోయింది. నవ్వొచ్చేసింది, దాంతోపాటు కళ్ళనీళ్ళూ వచ్చాయి. లోపలికి తిరిగి, విన్నావుగా, పోవే అంది. ఎవరికి చెప్పిందో మరి, లోపల ఎవరూ లేరు. బుంగ పెరటి వైపునుంచి బయటపడి, చెప్పులు కూడా లేకుండా వీధి దాటేస్తోంది. ఇంకా ప్రశ్నలున్నాయని లెక్కల అమ్మాయి వెనకనుంచి పిలుస్తూనే ఉంది.

పిచ్చుక మా గుమ్మంలో నిలబడి ఉంది. ఇన్నాళ్ళ మాటలూ ఒక్కసారే కుమ్మరించుకుంటారనుకున్నాను. బుంగ దాన్ని ఎగాదిగా చూసి, మూతి ముడిచింది.

"నీ జుట్టు నాకంటే ఒత్తుగా ఉందేంటే?"

"నాది కొత్తది కదే," అంది మా పిల్ల.